ఎవరి గ్లాసు వాళ్ళే

పాత శుభలేఖ వెనక రాసిన చీటీ వచ్చింది:
ఆదివారం, సోంపేట హైస్కూలు మైదానం.
పిల్లల్ని తీసుకురండి. ప్లాస్టిక్ తేకండి.
ఎవరి గ్లాసు వాళ్ళే.
ముందువైపు ఎవరిదో పెళ్ళి,
వరుడి పేరు మీద పసుపు ఇంకా ఆరలేదు.

హంసిని అటక మీంచి రెండు స్టీలు గ్లాసులు దించింది.
ఒకదాని మీద చుక్కల అక్షరాల్లో
"కర్రి వారి కానుక, 1994."
ఆ కర్రి వారెవరో మా అత్తకే గుర్తులేదు.
అదే కావాలని కుశాల్ పేచీ.

స్కూటీ మీద ముగ్గురం,
నా భుజాన గోనె సంచి,
సంచిలో అమ్మకానికి ఒంటిచేతి బొమ్మ.
దారి పొడుగునా జీడిపూత వాసన.

గేటు దగ్గర ఢిల్లేశ్వరరావు మేష్టారు
వెదురు బుట్ట పట్టుకుని సోదా చేస్తున్నారు.
"మా అమ్మ సంచిలో చిప్స్ పేకెట్టుంది మేష్టారూ!"
నా కన్నకూతురే.
పది రూపాయలు జరిమానా, మట్టి హుండీలో.
జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

పాత చీరలు కలిపి కుట్టిన పందిరి,
అడ్డాకుల్లో ఉప్మా,
మైకు కూడా లేదు, గొంతులే.
మంచినీళ్ళు మాత్రం ప్లాస్టిక్ డబ్బాల్లోనే దిగాయి ఆటోలోంచి.
మేష్టారు అటు చూడనట్టు పక్కకి తిరిగారు.
ఉద్దానంలో బావినీళ్ళు పిల్లలకి పట్టే ధైర్యం
ఎవరికుంది?

హంసిని బొమ్మ ధర ఐదు రాసింది, కొట్టేసి ఏడు రాసింది.
"చెయ్యి లేదు కదే గుంటా" అన్నారెవరో.
"అందుకే రెండెక్కువ" అంది.

పోగైన డబ్బు ఆటో కిరాయికట.
వారానికి రెండు మూడుసార్లు
డయాలసిస్‌కి పోయొచ్చేవాళ్ళకి.
ఎంతమందో లెక్క చెప్పలేదు,
వీధుల పేర్లు చదివారు.
ఏ వీధి దగ్గరా చదవడం ఆగలేదు.

కొబ్బరిబొండాల కొట్టు దాలమ్మది.
కుశాల్ కర్రి వారి గ్లాసు నిండా పోయించుకుని
ఒలకకుండా, నాలిక బయటపెట్టి నడుస్తూ
బెంచీ మీది తాత దగ్గరికెళ్ళాడు.
"తాగు తాతా. ఊరికే కాదు, మా అమ్మ డబ్బులిచ్చింది."

ముఖలింగం ఆయన పేరు.
నలభై ఏళ్ళు కొబ్బరిచెట్లెక్కిన పాదాలు,
మోచేతి కింద తాడులా ఉబ్బిన నరం.
గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు వాసన చూశాడు.
"నాను తాగకూడదు నాన్నా. ఈ నీళ్ళు అసలే కూడదు.
మామూలు నీళ్ళూ లెక్కే నాకు."
"లెక్కంటే?"
కర్రి వారి పేరు మీద బొటనవేలు ఆన్చాడు.
"పొద్దుట ఇంత. మజ్జానం ఇంత.
రాత్రి మాత్రకి ఇంకో గుక్క.
ఎండాకాలవైనా అంతే."
వాడు గ్లాసులోకి చూశాడు, ఆ వేలు చూశాడు.
"మరి దాహమేస్తే?"
"ఏస్తాది" అన్నాడు ముఖలింగం.

దాలమ్మ కత్తి గాల్లో ఆగి
మళ్ళీ కాయ మీద పడింది.

వాడు ఆ నీళ్ళు తాగలేదు, పారబొయ్యలేదు.
మైదానమంతా తిప్పి తిప్పి
చివరికి మేష్టారికే పది రూపాయలకి అమ్మాడు.
బొమ్మ అమ్ముడుపోలేదు.
"వచ్చే ఏడు పన్నెండు చెప్తాను" అంది అక్క.
తిరుగుదారిలో ఇద్దరూ
జీడితోటల్ని చూస్తూ ఊరుకున్నారు.
నేను హారన్ అనవసరంగా కొట్టాను రెండుసార్లు.

రాత్రి అన్నాల దగ్గర
వాడు గ్లాసు ముందుకి జరిపి
ఆ పేరు మీద బొటనవేలు పెట్టాడు.
"ఇందాకే పొయ్యి."

చెంబు వంచాను.
ఎక్కడ ఆపాలో
నా చేతికి తెలియలేదు.